దారమే గోడగా ఉన్న ఊరు

ఆ మొదటి శుక్రవారం మధ్యాహ్నం దుబాయ్, అల్ ఖూజ్‌లోని మా గదిలో ఉన్నవి ఇవి: ఇనప మంచాలు నాలుగు, కిటికీలో బిగించిన ఏసీ ఒకటి, పనిచేయని టీవీ ఒకటి, నేల మీద పరిచిన పాత డ్రాయింగ్ షీటు, దాని మీద కోడికూర తిన్న కంచాలు, వాటికి కాస్త ఎడంగా అట్ట ఊడిపోయిన ఇంగ్లిషు నవల. మనుషులం నలుగురం. జగిత్యాల వైపు నుంచి వచ్చిన మేస్త్రి అందరికంటే పెద్దవాడు, అందుకని మా అందరికీ అన్న. కోనసీమ నుంచి వచ్చిన ఏసీ మెకానిక్‌కి మాటలెక్కువ. సిరిసిల్ల ఎలక్ట్రీషియన్‌కి తక్కువ. నాలుగోవాణ్ణి నేను. ఖమ్మం వాణ్ణి, సివిల్ డిప్లొమా చేసి సర్వే అసిస్టెంటుగా చేరాను. వయసు ఇరవై నాలుగు. అది 2005.

టీవీ పాడవలేదు. ఇసుక గాలికి మేడ మీద డిష్ పడిపోయింది, బాగుచేసేవాడు రాలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. మెకానిక్ నా పుస్తకాన్ని కాలి వేలితో చూపించి, అందులో ఏముందో చెప్పమన్నాడు.

పుస్తకం నాకు దొరికిన తీరు ఇది. మా సైటులో పనిచేసిన ఒక ఇంజినీరు కుటుంబంతో సహా తన దేశానికి వెళ్ళిపోతూ, ఇంట్లో మిగిలిన పుస్తకాలు కావలసినవాళ్ళు తీసుకోవచ్చన్నాడు. నేను సర్వే పుస్తకాల కోసం వెళ్ళాను. వాటి కింద వాళ్ళ పిల్లలు చదివి వదిలేసిన ఈ నవల ఉంది. మొదటి పేజీలో ఒక ఊరి మ్యాపు చూసి తీశాను. దానికి స్కేలు లేదు, ఉత్తరం గుర్తు లేదు. ఆ విసుగుతోనే చదవడం మొదలుపెట్టి, రెండు రోజుల్లో పూర్తిచేసి, మళ్ళీ మొదటి పేజీకి వచ్చాను.

అది పదిహేను, పదహారేళ్ళ పిల్లల కోసం రాసింది. మూడు వందల ఏళ్ళ కిందటి యూదుల ఊరు, రెండు నదుల మధ్య. అందులో ఇద్దరు కుర్రాళ్ళు ఒకరినొకరు ప్రేమించుకుంటారు. నేను పదిహేనేళ్ళవాడిగా ఉన్నప్పుడు అలాంటి పుస్తకం ఒకటి ఉంటుందని కూడా నాకు తెలియదు. నాలాంటివాడు ఇంకొకడు ఉంటాడనే తెలియదు. ఇప్పుడు తెలుసు. ఖోర్ ఫక్కాన్ రేవులో కంటైనర్లు లెక్కరాసే శ్రీకాకుళం మనిషి ఒకతను ఉన్నాడు. నెలకొక శుక్రవారం షార్జా నుంచి మినీబస్సులో కొండలు దాటి అతని దగ్గరికి వెళ్ళేవాణ్ణి. వచ్చేటప్పుడు మంచు డబ్బాలో వంజరం చేపలు తెచ్చేవాణ్ణి. ఎందుకు వెళ్ళావని ఎవరైనా అడిగితే, చేపలు. గదిలో అసలు సంగతి తెలిస్తే నా మంచం ఖాళీ చేయాల్సి వచ్చేది. కంపెనీ దాకా వెళ్తే ఉద్యోగం, వీసా కూడా పోయేవి. కాబట్టి కథ చెప్పమన్నప్పుడు నేను మొదట చూసుకున్నది తలుపు వేసి ఉందా అని.

ముందు నియమం చెప్పాను. ఆ ఊరివాళ్ళకి శుక్రవారం పొద్దు గూకినప్పటి నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా విశ్రాంతి. ఆ సమయంలో ఇంట్లోంచి వీధిలోకి ఏదీ మోసుకుపోకూడదు. మిషన్ బడిలో చదివిన మెకానిక్ ఇది తనకి తెలుసన్నాడు. ఎలక్ట్రీషియన్, చంటిపిల్లనైనా ఎత్తుకోకూడదా అని అడిగాడు. అతనికి ఎనిమిది నెలల కూతురు ఉంది, ఫోటోలో తప్ప చూడలేదు. ఎత్తుకోకూడదు అన్నాను. కానీ ఒక వెసులుబాటు ఉంది. ఊరి చుట్టూ స్తంభాలు పాతి, వాటి తలల మీదుగా దారం కడితే, లోపలున్నదంతా ఒకే ఇల్లుగా లెక్క. అప్పుడు పిల్లల్ని ఎత్తుకోవచ్చు, వండిన గిన్నె పక్కింటికి పట్టుకెళ్ళవచ్చు. ప్రతి శుక్రవారం ఒకడు ఆ దారం వెంట నడిచి, ఎక్కడా తెగలేదని చూడాలి. కథలో ఆ పని పదిహేడేళ్ళ కుర్రాడిది.

కంచాలు పక్కకి జరిపి, డ్రాయింగ్ షీటు వెనక ఊరి ప్లాను గీశాను. ఉత్తరం నేనే పెట్టాను. అన్న దాన్ని శ్రద్ధగా చూశాడు. ముప్పై ఏళ్ళుగా దారం కట్టి గోడలు లేపుతున్న మనిషి.

"మంచిగున్నది తమ్మీ. మరి గోడ ఎప్పుడు లేపుతరు?"

"గోడ ఉండదన్నా. దారమే గోడ."

"దారం గోడెట్లయితది?"

"దాని మీద మేకపిల్ల ఆనుకుంటే ఊరంతా పడిపోద్ది అన్నగారూ," అన్నాడు మెకానిక్.

నేను పుస్తకంలో ఉన్న వివరం చెప్పాను. రెండు నిలువు స్తంభాలు, వాటి మీద అడ్డంగా దారం. అది ద్వారబంధం ఆకారం. ఊరి చుట్టూ అలాంటివి వరసగా ఉంటాయి. అంటే ఆ గోడ మొత్తం వాకిళ్ళతో కట్టిందే. అన్న కాసేపు ఆలోచించి, అయితే లోపలికి రానివ్వని చోటంటూ లేదన్నమాట అన్నాడు. అయినా పునాది లేని పని ఎంత కాలం నిలుస్తుందని అతనికి అనుమానం తీరలేదు. ఆ రోజు అక్కడితో ఆపాను.

తర్వాత శుక్రవారానికి అన్నం ముందుగా వండారు. అప్పటికి కథలోని ఇద్దరికీ గదిలో పేర్లు పడిపోయాయి. దారం వెంట నడిచేవాడు దారం పిల్లగాడు. స్తంభాలు చెక్కి పాతేవాడు వడ్రంగి పిల్లగాడు. ఆ వారం చెప్పాల్సింది వాళ్ళిద్దరూ తెగిన దారం మార్చే ఘట్టం. ఒకడు స్తంభం ఎక్కి ఒక కొస పట్టుకుంటాడు. రెండోవాడు అవతలి స్తంభం దగ్గర ఇంకో కొస లాగి పట్టుకుంటాడు. మధ్యలో వీధంత దూరం. ఒకడి చేయి వణికితే రెండోవాడి చేతికి తెలుస్తుంది. ఇద్దరూ ముడి వేయాల్సిన సమయం దాటిపోయినా అలాగే పట్టుకుని ఉంటారు. నేను దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాను. చెబుతూ గొంతు తగ్గించానని నాకే తెలిసింది.

"ఆ రెండోవాణ్ణి అమ్మాయిని చేసెయ్ గురూ," అన్నాడు మెకానిక్. "వడ్రంగి గారమ్మాయి. అక్కడో పాట పడుద్ది."

ఎలక్ట్రీషియన్ నవ్వాడు. నేను నవ్వలేదు, కాదని కూడా అనలేదు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. పుస్తకం పేజీలు తిప్పుతూ కూర్చున్నాను.

"పుస్తకంల ఎట్లున్నదో గట్లనే చెప్పు," అన్నాడు అన్న.

"ఇద్దరూ మగపిల్లలు అన్నగారూ."

"నేను గూడ వింటున్న గదా."

అన్న గోడకి ఆనుకుని, చెప్పమన్నట్టు నా వైపు తల ఊపాడు. ఆ వారమంతా సైటులో టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రం వెనక నిలబడి, ఆ మాటకి ఎన్ని అర్థాలు ఉండవచ్చో లెక్కవేసుకున్నాను. అతనికి అర్థం కాలేదు అన్నది ఒకటి. అర్థమైంది, కథ కాబట్టి పట్టించుకోలేదు అన్నది రెండు. మూడోదాని జోలికి వెళ్ళలేదు.

మూడో శుక్రవారం మృత్యువు వచ్చింది. దున్నపోతు ఉందా అని మెకానిక్ అడిగాడు. లేదు, భుజాన సంచి ఉంది. ఆ కథలో మృత్యువు కాళ్ళ నొప్పులున్న ముసలివాడు. ఊరివాళ్ళ నియమమే అతనిదీ. ప్రాణాలు సంచిలో వేసుకుని వీధుల్లోంచి మోసుకుపోవడం అతని పని. శనివారం కూడా మోయగలుగుతున్నాడంటే కారణం దారం. దారం తెగకుండా ఉంటే ఊరంతా ఒకే ఇల్లు, ఎవరైనా ఏదైనా మోయవచ్చు. దారం తెగి ఉంటే ఆ ఒక్క రోజు అతను సంచి ఎత్తలేడు.

అప్పుడు వడ్రంగి పిల్లగాడికి జ్వరం వస్తుంది. వైద్యుడు శుక్రవారం సాయంత్రం చూసి, శనివారం గడిస్తే బతుకుతాడంటాడు. దారం పిల్లగాడు పొద్దు గూకే ముందు ప్రతి శుక్రవారం నడిచే దారినే నడిచి, నది ఒడ్డున చిట్టచివరి స్తంభం దగ్గర ఆగి, చుట్టూ చూసి, కత్తితో దారం కోస్తాడు. ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోతాడు.

నేను భయపడింది ఇద్దరు కుర్రాళ్ళ గురించి. అన్నకి కోపం వచ్చింది దారం గురించి.

"గది వాని అయ్య సొమ్మా? ఊరందరి దారం. తెల్లారి ఆడోళ్ళు పిల్లలనెత్తుకోని బయటికొస్తరు. దారం ఉన్నదనుకోని వస్తరు. వాళ్ళు చెయ్యని తప్పు వాళ్ళ నెత్తిన పడతది."

"ప్రాణం కోసం కదన్నా," అన్నాను.

"పానం కోసమే గానీ. వానికి గా పోరని మీద పానముంటే ఉండని. నేను గది తప్పంటలేను. చెప్పకుండ తెంపుడు తప్పంటున్న. ఖలాస్, ఇగ నాకు చెప్పకు."

లేచి, చెప్పులేసుకుని, టీ తాగడానికి వెళ్ళిపోయాడు. లైను దారం ఎవరైనా ముట్టుకుంటే సైటులో అతను ఎలా విరుచుకుపడతాడో మాకు తెలుసు. తోపుడుబండి పోవడానికి ఎవడో దారం జరిపితే, ముదీర్, అంటే మేనేజరు, ఎదురుగానే వాణ్ణి తిట్టి పంపించేశాడు. ఎలక్ట్రీషియన్ మెల్లగా, తను అయితే కోసేవాణ్ణే అన్నాడు. మెకానిక్ ఏ పక్షమూ తీసుకోలేదు. నేను మాత్రం అన్న నోట వచ్చిన 'పానముంటే ఉండని' దగ్గరే ఆగిపోయాను. దానికి అర్థం ఒకటే. ఇంకోలా లెక్కవేయడానికి వీల్లేదు.

గురువారం కంపెనీ బస్సులో అన్న నా పక్కన కూర్చుని, కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు. "వాడు ఊరోళ్ళకు చెప్పిండా, లేదా?"

"చివరి అధ్యాయంలో ఉందన్నా."

"చెప్పిండంటే వింట."

అదే వారం మా లేబర్ క్యాంపు మారుతోందని చెప్పారు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో కొత్త భవనం, గదికి ఆరుగురు. ఎవరితో ఎవరుండాలో గదికొక పెద్దమనిషి క్యాంపు బాస్‌కి చెప్పాలి. మా గది తరఫున అన్న. దాంతో నాకు ఒక సంగతి స్పష్టమైంది. నేను చెప్పకుండా ఊరుకుంటే అన్న నా పేరు ఇస్తాడు. కానీ అతను ఇచ్చే పేరు అతనికి తెలిసిన మనిషిది, నాది కాదు. చెబితే ఇవ్వకపోవచ్చు. ఈ గది కాకపోతే ఇంకో గదిలో మంచం దొరుకుతుంది, అందులో సందేహం లేదు. నాకు కావలసింది ఈ మనుషుల మధ్య మంచం.

మరుసటి శుక్రవారం ఖోర్ ఫక్కాన్ వెళ్ళే వంతు. కథ వాయిదా పడినందుకు మెకానిక్ సణిగాడు. సముద్రం ఒడ్డున గట్టు మీద కూర్చుని నా శ్రీకాకుళం మనిషికి అంతా చెప్పాను. రేవులో ఓడ నుంచి కంటైనర్లు దింపుతున్నారు. అతను అలవాటుగా వాటిని లెక్కపెడుతూ విన్నాడు. మూడేళ్ళలో మేము ఈ విషయం మీద ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఎప్పుడూ అతని మాటే నెగ్గింది, చెప్పకపోవడమే క్షేమమని. ఈసారి వాదించలేదు.

"నీ సంగతి నీ ఇష్టం. నా పేరు మాత్రం చెప్పకు. ఊరు కూడా చెప్పకు," అన్నాడు.

సరేనన్నాను. చేపలు అతనే ఏరాడు. బస్సు ఎక్కించేటప్పుడు, తేడా వస్తే వెంటనే ఫోన్ చెయ్యి, రాత్రికి రాత్రి వచ్చి తీసుకెళ్తానన్నాడు. అతని గదిలో ఎనిమిది మంది ఉంటారు, నన్ను ఎక్కడ పెడతాడో ఇద్దరికీ తెలియదు. అయినా ఆ మాట అన్నాడు.

చివరి శుక్రవారం వంజరం పులుసు. తిన్నాక అన్న తానే తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు.

నేను చెప్పాను. శనివారం తెల్లవారగానే దారం పిల్లగాడు ప్రార్థన మందిరానికి వెళ్తాడు. జనం నిండా ఉన్నారు. దారం తెగి ఉంది, ఎవరూ ఏదీ మోయకండి అంటాడు. ఎలా తెగిందని అడుగుతారు. నేనే కోశాను అంటాడు. ఎందుకని అడుగుతారు. ఎందుకో కూడా చెబుతాడు, దాచకుండా, అందరి ముందూ. ఒక ముసలామె లేచి శాపనార్థాలు పెడుతుంది. కొందరు ముఖం తిప్పుకుంటారు. కానీ నియమం నియమమే కాబట్టి, తెచ్చుకున్న శాలువాలు, పుస్తకాలు ఎక్కడివక్కడ దించేస్తారు. తల్లులు పిల్లలతో గడప లోపలే ఉండిపోతారు. ఊరంతా ఆ పగలు కదలకుండా కూర్చుంటుంది. నది ఒడ్డున తెగిన దారం దగ్గర మృత్యువు సంచి నేల మీద పెట్టుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంటాడు. అతనికీ అది విశ్రాంతే. చుక్కలు పొడిచేసరికి జ్వరం దిగిపోతుంది. అతను ఖాళీ సంచి దులిపి వెళ్ళిపోతాడు. దారం పిల్లగాడు ముడి వేయడానికి ఒక్కడే నదికి వెళ్తాడు. రెండో కొస ఎవరు పట్టుకుంటారని వెతుక్కుంటుంటే, చీకట్లో ఎవరో దాన్ని అందుకుని లాగి పట్టుకుంటారు. తిట్టిన ముసలామె.

ఎలక్ట్రీషియన్ ముఖం తుడుచుకున్నాడు. అన్న, చెప్పిండు, అనుకున్నాడు తనలో తానే.

"అంతా బాగానే ఉంది గురూ," అన్నాడు మెకానిక్ బరువు దించడానికి. "మరి ఖోర్ ఫక్కాన్‌లో రెండో కొస ఎవరు పట్టుకుంటున్నారు?"

ఇలాంటి హాస్యాలు అతను ఇదివరకూ ఆడాడు. నేను ప్రతిసారీ చేపల సంగతి చెప్పి తప్పించుకున్నాను.

"ఒకతను ఉన్నాడు," అన్నాను. "మూడేళ్ళ నుంచి."

మెకానిక్ ముఖం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. దాన్ని ఏం చేయాలో అతనికి తెలియలేదు.

"పేర్లు ఇచ్చేముందు మీకు తెలియాలి. తెలియకుండా మీతో రావడం నాకు ఇష్టం లేదు."

నా గొంతు మామూలుగానే వచ్చింది. చేతులు మాత్రం డ్రాయింగ్ షీటు మడత పెట్టబోయి పెట్టలేకపోయాయి. ఎలక్ట్రీషియన్ అవతలి కొస పట్టుకుని మడత సరిచేశాడు, నా వైపు చూడకుండా. అన్న నా ఎదురుగా జరిగి కూర్చున్నాడు.

"ఇంట్ల ఎరుకేనా?"

"లేదన్నా."

"ఇంకెవలకన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. ఈడి కానూన్ వేరే. గదిల చెప్పినవు, గదిలనే ఉంటది." మెకానిక్ వైపు తిరిగాడు. "ఉంటది గదా?"

"నేనెవరికి చెబుతాను అన్నగారూ," అన్నాడతను.

తర్వాత అన్న లేచి పులుసు గిన్నె తీశాడు. కడగడానికి తీసుకెళ్తూ తలుపు దగ్గర ఆగాడు. "నెల నెల నువ్వు చేపలకే పోతున్నవని నమ్మినమనుకున్నవా తమ్మీ? ఈడ దేరా మార్కెట్ల చేపలు దొర్కవా?"

ఆ తర్వాతి రోజులు తేలికగా ఏమీ గడవలేదు. మెకానిక్ నాతో మాట్లాడటం తగ్గించాడు. కొత్త క్యాంపులో తన ఊరివాళ్ళ గదికి వెళ్తానని అన్నతో చెప్పాడు. నీళ్ళ కూలర్ దగ్గర ఎదురైనప్పుడు తనే ఆగాడు.

"కోపం కాదు గురూ. అలవాటు లేదంతే. నాకు కొంచెం టైమ్ కావాలి."

తీసుకోమన్నాను. నేను ఇరవై నాలుగేళ్ళు తీసుకున్నాను, అతనికి కొన్ని నెలలు ఇవ్వడం పెద్ద విషయం కాదు. బాధ వేయలేదని మాత్రం రాయలేను. గదిలో నవ్వించే మనిషి అతనొక్కడే.

ఎలక్ట్రీషియన్ ఒక రోజు నా మంచం అంచున కూర్చుని, ఆ కథని తెలుగులో రాయగలనా అని అడిగాడు. కూతురు చదివే వయసు వచ్చేసరికి కావాలట. మార్చి రాయాలా అని అడిగాను. "ఎందుకు మారుస్తవన్నా? నాకు చెప్పినట్టే రాయి," అన్నాడు. ఆ వారమే మొదటి అధ్యాయం రాశాను. స్తంభాలకి, ముళ్ళకి మాటలు అన్న చెప్పాడు. తప్పొప్పులు చూసుకుంటూ రాయడం వల్ల నెమ్మదిగా నడిచింది, కానీ ఆగలేదు.

శనివారం సాయంత్రం డ్యూటీ దిగాక క్యాంపు బాస్ బల్ల దగ్గర వరస కట్టాం. నేను అన్న వెనక నిలబడ్డాను. గదిలో ఎవరెవరని బాస్ హిందీలో అడిగాడు. అన్న ముందు తన పేరు చెప్పాడు. తర్వాత వెనక్కి తిరక్కుండానే నా పేరు చెప్పాడు. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్, ఆపైన తన చేతి కింద పనిచేసే ముగ్గురు. ఆ ముగ్గురితో ముందే మాట్లాడాడని, ఏమీ బయటపెట్టకుండానే, తన గదిలో ఎవరినీ తక్కువ చేసి మాట్లాడేవాడు వద్దని వాళ్ళకి చెప్పాడని నాకు తర్వాత తెలిసింది.

ఆ మరుసటి వారం మకాం మారాం. గది తలుపు మీద అంటించిన కాగితంలో ఆరు పేర్లు ఉన్నాయి. నాది రెండోది.